మేనరికం తప్పించడానికి నేను చెప్పిన సైన్సు

రెండువేల సంవత్సరం దాటాక నాకు మారతహళ్ళిలో ఉద్యోగం వచ్చింది. ఉండేది మాత్రం కాటన్‌పేటలో, మా మేనమామ ఇంట్లో. కింద ఆయన బట్టల హోల్‌సేల్ అంగడి, పైన ఇల్లు. రోజూ రెండు బస్సులు మారి పోయేవాణ్ణి. ఆ బస్సుల్లోనే పరిణామవాదం మీద ఒక లావుపాటి పుస్తకం చదివాను. మనం మంచీ చెడూ అనుకునేవన్నీ మనిషి జాతి బతికి బట్టకట్టడానికి ప్రకృతి తలకెక్కించిన పాఠాలేనట. లోకమంతా అర్థమైపోయినట్టు తిరిగేవాణ్ణి.

అప్పుడే మా అవ్వ, అంటే అమ్మ వాళ్ళమ్మ, మామ కూతుర్ని నాకు చేయాలని తేల్చేసింది. మేనరికం, వరస కుదిరింది, ఇంక అడిగేదేముంది? నాకు ఇష్టం లేదు. సెలవులకొచ్చినప్పుడల్లా ఆ పిల్లతో జుట్లు పట్టుకుని కొట్టుకున్నవాణ్ణి. కాని ఆ మాట పైకి అంటే పాపం ఆ పిల్ల ఏమైపోతుందోనని నా భయం. నన్ను కాదనే ఆడపిల్ల ఒకతి ఉంటుందన్న ఊహే అప్పటికి నాకు లేదు. అందుకని నెపం ప్రకృతి మీదికి నెట్టాలనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం సంగటి ముందు కూర్చుని మొదలుపెట్టాను. కోతులు కూడా దగ్గర రక్తంతో జతకట్టవనీ, కడితే పుట్టే పిల్లలు బలహీనంగా ఉంటాయనీ, అందుకే మనకు పుట్టుకతోనే ఆ రోత ఉంటుందనీ, వరసలూ ధర్మాలూ దాని మీద మనం కప్పిన శాలువాలనీ చెప్పాను.

"సుమ్నే, ఊరికే ఏందేందో మాట్లాడొద్దప్పా, ముద్ద తిను" అన్నాడు మామ.

మరదలు పక్కనే వెల్లుల్లి ఒలుస్తూ తల ఎత్తలేదు. దుఃఖం దాచుకుంటోందనుకున్నాను.

అవ్వ మాత్రం శ్రద్ధగా విన్నది. "అట్లయితే హిందూపురంలో మీ పిన్నమ్మ కూతురుండాది కదా. ఆ పిల్లా నా మనవరాలే, ఈ పిల్లా నా మనవరాలే. రక్తం ఒకటే. ఆ పిల్లని చేసుకుంటావా?"

"ఛీ, చెల్లెలు" అన్నాను, ఆలోచించకముందే.

"చెల్లెలని ఎవురు చెప్పినారు, కోతులా?"

"నువ్వే."

"నేను కప్పిన శాలువే కదప్పా. తీసి పక్కన పెట్టు."

నిజంగానే తీయబోయాను. ఇద్దరి రక్తంలో తేడా లేదు, ఆ ఛీ చిన్నప్పుడు అవ్వ నేర్పిందేనని మనసుకు నచ్చజెప్పాను. మనసు విన్నది, ఒప్పుకుంది, మళ్ళీ ఛీ అంది. ఒక నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినంత మాత్రాన అది అబద్ధమైపోతుందా అన్న అనుమానం నాకు మొదటిసారి ఆ సంగటి ముందు కలిగింది. జవాబు వెతకాలంటే సోమవారం బస్సెక్కాలి.

అవ్వ మరదలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా."

"నాకిష్టం లేదవ్వా" అంది ఆ పిల్ల, రెబ్బ ఒలుస్తూనే. "బావ బేజారు పడతాడని చెప్పలేదు."

అవ్వ పులుసు గిన్నె అందుకుంది. "సరే, ఇష్టం లేని పెండ్లి నేను చేయను. చూడప్పా, ఆ పిల్ల ఒక్క మాటతో ముగించింది. నువ్వు కోతుల కాడినుంచి రావాల్నా?" అని నా పళ్ళెంలో ఇంకొంచెం పులుసు పోసింది.

కోరుకున్న పనే అయింది. అయినా ఆ పులుసు తాకకుండా చెయ్యి కడుక్కున్నాను. తను వద్దనుకున్న పిల్లే తనను వద్దంటే మగవాడికి ఎందుకంత బాధేస్తుందో కూడా ఆ పుస్తకంలో వివరంగా ఉంది. వారమంతా బస్సులో అదే చదివాను. బాగా అర్థమైంది. తగ్గలేదు.