మూడున్నర గిగాహెర్ట్జ్

యాదగిరిది చివ్వెంల. వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచీ గొర్రెలే. అన్న ఇప్పటికీ మందతోనే ఉంటాడు. యాదగిరికి మాత్రం ఆ ఎండలో తిరగడం చేతకాక, సూర్యాపేట వచ్చి కెమెరా పట్టడం నేర్చుకుని, తర్వాత పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే పనిలో కుదురుకున్నాడు. పొద్దున లేచింది మొదలు ఊళ్లో వాళ్ల పెళ్లికూతుళ్ల నెత్తిమీద గులాబీలు, గుండెకాయ బొమ్మలు కురిపించడమే పని. తన పెళ్లి మాత్రం రెండేళ్లకే ముగిసింది. పెద్దవూర పిల్ల వసంతను చేసుకున్నాడు. కొట్లాటా లేదు, తిట్టుకున్నదీ లేదు. ఈ మనిషి రోజుకు పది మాటలు కూడా మాట్లాడడని ఆమె పెద్దల ముందు చెప్పింది. ఎంత ఆలోచించినా దానికి జవాబేం చెప్పాలో అతనికి తోచలేదు. అలా జవాబు చెప్పకపోవడమే ఆమె మాటకు సాక్ష్యమైపోయింది.

ఎరువుల దుకాణం మీద కిరాయి గది. కూరలు కర్రీ పాయింట్ నుంచి. కస్టమర్లు వచ్చినా పెళ్లికొడుకు మేనత్త ఎక్కువసేపు కనిపించాలనో, బాకీపడ్డ బావమరిది అసలు కనిపించకూడదనో చెప్పి పోయేవాళ్లే. అతని బాగోగులు అడిగినవాళ్లు లేరు. అలాంటి యాదగిరికి 2010లో రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఒక ఫోన్ వచ్చేది. ఆ ఫోన్ కోసం అతను అన్నం కూడా గబగబా తినేసేవాడు.

చేసేది కోదాడ కృష్ణమూర్తి. అతనిదీ మిక్సింగ్ పనే, వయసులో పదేళ్లు పెద్ద. మిర్యాలగూడలో ఒక పెళ్లికి ఆడపెళ్లివారు కోదాడ నుంచి ఇతన్ని, మగపెళ్లివారు సూర్యాపేట నుంచి యాదగిరిని తెచ్చుకున్నారు. రెండు పక్షాల కెమెరావాళ్లు ఒకచోట చేరితే తలంబ్రాల దగ్గర మోచేతులతో పొడుచుకోవడం మామూలు. వీళ్లిద్దరూ పొడుచుకోకుండా, వంతులేసుకుని తీసుకుని, భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చున్నారు. ఒక పెళ్లి వీడియో కంప్యూటర్లో తయారై బయటికి రావడానికి పగలంతా పడుతోందని యాదగిరి చెప్పుకున్నాడు. దానికి ఓవర్‌క్లాకింగ్ అనే మందుందని కృష్ణమూర్తి చెప్పాడు. కంపెనీవాడు ప్రాసెసర్‌కు ఇంత స్పీడని కట్టి పంపుతాడట. మెషిన్ ఆన్ చేసిన వెంటనే వచ్చే సెట్టింగుల్లోకి పోయి ఆ కట్టు మనమే కొంచెం కొంచెంగా వదులు చేసుకోవచ్చట.

యాదగిరి ఆ వారమే కృష్ణమూర్తి దగ్గరున్న నాలుగు కోర్ల ప్రాసెసరే కొన్నాడు. దాన్ని బిగించే బోర్డు మాత్రం దొరికినవాటిలో అన్నిటికన్నా చవకది. ప్రాసెసర్ పరిగెత్తడానికి సిద్ధంగానే ఉంటుంది గానీ, చవక బోర్డు దానికి కరెంటు అందించలేదు. కరెంటు అందించే చిన్న ముక్కలు పెనం మీద పెట్టినట్టు కాలిపోతాయి. ఖరీదు బోర్డుల్లో వాటి మీద వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మెలు ఉంటాయి. ఇందులో ఏమీ లేవు, బోడివి. అయినా రెండు పాయింట్ ఆరు గిగాహెర్ట్జ్ స్పీడు దగ్గర మొదలుపెట్టి, కాస్త పెంచి, పరీక్ష నడిపించి, నీలం తెర వచ్చి పడిపోతే వెనక్కి తగ్గి, ఇద్దరూ ఎవరి ఊళ్లో వాళ్లు పైకి ఎక్కసాగారు. ఫోన్లో మాటలన్నీ వోల్టేజీ గురించీ వేడి గురించే. ఏడాది మాట్లాడుకున్నా ఒకరి ఇంట్లో ఎవరున్నారో మరొకరికి తెలియదు. మగవాళ్ల స్నేహాలు చాలామటుకు ఇలాగే ఏడుస్తాయి.

కొన్నాళ్లకు ఇద్దరూ ఆగిపోయారు. కృష్ణమూర్తి మూడు పాయింట్ నాలుగు దగ్గర, యాదగిరి మూడు పాయింట్ రెండు దగ్గర. ఇక చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఫోన్లు పొట్టివయ్యాయి. మధ్యలో ఒకటి రెండు రోజులు రాలేదు కూడా. ఆ మధ్యాహ్నాలు యాదగిరి ఫోన్‌ను ఎదురుగా పెట్టుకుని కూర్చుని, తనకు ఎవరూ లేరన్న సంగతి మొదటిసారి గట్టిగా తెలుసుకున్నాడు. తర్వాత ఫోన్ మోగినప్పుడు, కృష్ణమూర్తి ఇంకేం విశేషాలని అడిగి పెట్టేయబోతుంటే, నోటికొచ్చిన మాట అనేశాడు.

"అన్నా, మూడున్నర అందుకుంది."

కృష్ణమూర్తి, ఆ బోర్డు మీద మూడున్నరా, ఫోన్లో వింటే నమ్మలేను, ఆదివారం బస్సెక్కి వచ్చి కళ్లారా చూస్తానన్నాడు.

అన్నమాట నిజం చేయకపోతే ఉన్న ఒక్క మనిషీ పోతాడు. యాదగిరి పెళ్లి వీడియోలన్నీ పక్కనపెట్టి కూర్చున్నాడు. వోల్టేజీ పెంచితే ముక్కలు కాలుతున్నాయి, తగ్గిస్తే నీలం తెర. మే నెల, గదే పొయ్యిలా ఉంది. చివరికి కంప్యూటర్ క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి, తన ఎయిర్ కూలర్‌ను తెచ్చి దాని మూతి బోర్డుకు ఆనించి పెట్టాడు. తడి తగలకూడదని నీళ్లు పోయకుండా ఒట్టి గాలికే తిప్పాడు. తను చెమటలో తడుస్తూ కూర్చున్నాడు. శుక్రవారం పొద్దున మూడున్నర నిలబడింది. సాయంత్రానికీ నిలబడే ఉంది. శనివారమూ అలాగే ఉంది. యాదగిరికి ఎంత సంతోషమైందంటే, లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. అబద్ధం నిజమైపోయింది. ఆపితే మళ్లీ ఆ స్పీడుతో లేస్తుందన్న నమ్మకం లేక, మెషిన్‌ను ఆపకుండా అలాగే నడవనిచ్చాడు. తెర ఒక్కటే ఆర్పి, ఆదివారం పొద్దున్నే గది ఊడ్చి మంచం మీద ఉతికిన దుప్పటి వేశాడు.

కృష్ణమూర్తి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. బస్సులో కోదాడ నుంచి నిలబడే వచ్చాడట. మెట్లెక్కేసరికి మొహం ఎర్రగా కందిపోయి, మాట రాక, మంచం మీద కూలబడ్డాడు. బీపీ ఉందని సైగతో చెప్పాడు. సీలింగ్ ఫ్యాన్ వేడిగాలి తప్ప ఏమీ ఇవ్వడం లేదు. కళ్లజోడు జేబులోనే ఉంది.

యాదగిరి కూలర్ వైపు చూశాడు. దాన్ని తిప్పితే ఏమవుతుందో అతనికి తెలుసు. కళ్లజోడు పెట్టుకునేదాకా ఆగితే ఆ అంకె చూపించేయవచ్చని ఒక్క క్షణం అనిపించిన మాట నిజమే. తర్వాత బిందెడు నీళ్లు కూలర్లో పోసి, దాని మూతిని మంచం వైపు తిప్పాడు.

చల్లగాలికి కృష్ణమూర్తి తేరుకుని, మంచినీళ్లు తాగి, కళ్లజోడు తీసి తుడుచుకుంటుండగా చిటుక్కుమంది. గదంతా కాలిన వాసన. యాదగిరి పరుగున పోయి తెర వెలిగించాడు గానీ అందులో ఏమీ లేదు. బోర్డు మీద ఒక ముక్క నల్లగా మాడిపోయింది.

కృష్ణమూర్తి వంగి, ఆ నల్ల మచ్చను చాలాసేపు చూశాడు. నువ్వు అబద్ధమాడావని అనలేదు. మంచం మీదికి వచ్చి కూర్చుని, తలెత్తకుండానే మాట్లాడాడు.

"నిజం చెప్పనా యాదగిరీ. మూడున్నర అని నువ్వన్నప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఇక నాతో నీకేం పని ఉంటుందిలే అనుకున్నాను. భద్రమ్మ పోయాక నేను మాట్లాడేది ఆ ఒక్క ఫోన్లోనే."

భద్రమ్మ ఎవరని అడగాల్సిన అవసరం లేకపోయింది. యాదగిరి మాడిపోయిన బోర్డు వైపు తిరిగి, అతనికి వీపు పెట్టి చెప్పాడు.

"మూడున్నర రాలేదన్నా. ఉత్తగనే అన్న. మూడు పాయింట్ రెండు కాడ్నే ఉంటి."

కృష్ణమూర్తి నవ్వాడు. ముందు మెల్లగా, తర్వాత కళ్లల్లో నీళ్లొచ్చేదాకా. నాకు అప్పుడే అనుమానం వచ్చిందిలే అన్నాడు, రాకపోయినా. ఇద్దరూ కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన కూరతో అన్నం తిన్నారు. సాయంత్రందాకా కృష్ణమూర్తి భద్రమ్మ గురించి చెప్పాడు. యాదగిరి వసంత గురించి నాలుగు మాటలు చెప్పాడు, అతని లెక్కకు అవి ఎక్కువే. రెండు బస్సులు వదిలేసి, మూడోది ఎక్కి, కిటికీలోంచి కృష్ణమూర్తి ఉత్సాహంగా అన్నాడు.

"ఈసారి ఇద్దరం ఒకటే బోర్డు కొందామయ్యా. నన్ను వదిలి నువ్వు పైకి పోకూడదు, నిన్ను వదిలి నేను పోను."

సరే అన్నా అన్నాడు యాదగిరి. బస్సు కోదాడ రోడ్డు ఎక్కింది. బతుకులో తను సాధించిన ఘనకార్యం అదొక్కటే, రెండు రోజులు మూడున్నర మీద నిలబడటం. అది ఎవరితోనైనా చెప్పుకోవాలని అతనికి నోటిదాకా వచ్చింది. విని విలువ తెలుసుకోగలిగినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు, అతను ఆ బస్సులో వెళ్లిపోతున్నాడు.