అవతలి కుర్చీలో అహరోను

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అహరోను నోరు మంచిదో కాదో గానీ, మహా పొడవైనది. బీరంగూడ చర్చిలో సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చారా, ఆ ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మీద ఆశ వదులుకోవలసిందే. పటాన్‌చెరులో అతను పనిచేసే సీసా మూతల ఫ్యాక్టరీలో ఎందరి కొలువులు నిలబెట్టిందో ఆ నోరు!

కార్మికుణ్ణి ఊరికే తీసేస్తే చట్టం ఒప్పుకోదు కదా. నోటీసివ్వాలి, విచారణ జరపాలి, నిందపడినవాడి పక్కన ఒక తోటి కార్మికుణ్ణి తోడు కూర్చోనివ్వాలి. ఆ తోడు ఎప్పుడూ అహరోనే. చట్టం అతనికి ముక్క రాదు. డ్యూటీలో కునుకు తీసినవాడి కేసైతే వాడి తాత చూసిన కరువు దగ్గర మొదలుపెట్టేవాడు. విచారణకు సంగారెడ్డి నుంచి వచ్చే వకీలు సారు ఆకలికి ఆగలేక, "మందలించి వదిలేయండి" అని రాసేసి టిఫిన్ డబ్బా విప్పుకునేవాడు.

హెచ్చార్ మేనేజరు చంద్రకాంత్‌కు చూసి చూసి కడుపు మండింది. అహరోనును సూపర్‌వైజర్ని చేసి పారేశాడు. ఇక కార్మికుడికి తోడు కూర్చోవడం కుదరదు, కంపెనీ తరఫునే మాట్లాడాలి. ఎంత తెలివండీ! పిచ్చి మారాజు అహరోనుకు అది తట్టనే లేదు. కొత్త తెల్ల హెల్మెట్ పెట్టుకుని కనిపించిన ప్రతి అద్దంలోనూ చూసుకున్నాడు.

ఆ వారమే, హత్నూర నుంచి పనికొచ్చే పోచయ్య నడుస్తున్న మిషను వదిలేసి ఇంటికి పరిగెత్తాడు. బర్రె ఈనలేక అవస్థ పడుతోందని ఫోనొచ్చిందట. చూసేవాడు లేక మూతలు మోకాలి లోతు కుప్పపడ్డాయి. మళ్లీ డ్యూటీకి వచ్చినప్పుడు పోచయ్య డబ్బాలో జున్ను తెచ్చి అహరోను ముందు పెట్టాడు.

"ఇగ నేను సూపర్‌వైజర్ని. నీకు నోటీసు వస్తున్నది. గిసొంటియి తీసుకోవద్దు నేను" అని అహరోను డబ్బాను వెనక్కు నెట్టాడు. పోచయ్య డబ్బా తీసుకుని తన మిషను దగ్గరికి నడిచాడు. అసలు అతను మాట్లాడగా విన్నవాళ్లే ఆ ఫ్యాక్టరీలో తక్కువ.

విచారణ రోజు అహరోను మొదటిసారి అవతలి కుర్చీలో, చంద్రకాంత్ పక్కన కూర్చున్నాడు. పోచయ్య పక్క కుర్చీ ఖాళీ. నోరున్నవాడు అటు పోయాక ఇటు ఎవరొస్తారు? ఈ కొలువు పోతే పోచయ్యకు మిగిలేది ఆ బర్రె, దాని దూడ.

అహరోను గొంతు సవరించుకున్నాడు. "నడిచే మిషన్ ఇడిసిపెట్టి ఉరుకుడేంది పోచయ్యా? పర్మిషన్ ఎవరిచ్చిన్రు నీకు?"

పోచయ్య తల వంచుకున్నాడు. "అది అడగకన్నా."

"ఎందుకడగొద్దు? రాసుకోండ్రి సార్! పేరు చెప్పు!"

"వద్దన్నా, నీ కాళ్లు మొక్కుత."

"చెప్పమంటున్న గద!"

"నువ్వే అన్నా" అన్నాడు పోచయ్య. "బర్రె ఈనుతలేదు, పోవాలె అని చెప్పిన. నువ్వు ఫోన్ల మాట్లాడుకుంట పో, పో అని చెయ్యి ఊపినవ్. గందుకే జున్ను తెచ్చిన."

అహరోనుకు గుర్తొచ్చింది. ప్రమోషన్ వచ్చిందని బావమరిది ఫోనులో పొగుడుతుంటే, పక్కన గొణుగుతున్నదెవరో తల తిప్పి కూడా చూడకుండా ఈగను తోలినట్టు తోలాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పేదవాడి మాట వినండని ఇన్నేళ్లు అరిచాడే, తన దగ్గరికొచ్చిన మొదటి మాటే వినలేదు!

లేచి వెళ్లి పోచయ్య పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"నేనే పొమ్మన్న సార్. మిషన్ కాడ ఇంకో మనిషిని నిలవెట్టుడు నా పని. తప్పు నాది."

అంతే. వకీలు సారు పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. "అయిపోయిందా?" అన్నాడు నమ్మలేక. ఇంకా భోజనం వేళ కూడా కాలేదు.

చంద్రకాంత్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "అయితే ఇప్పుడు నోటీసు మీకు, అహరోనుగారూ. మరి మీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

పోచయ్య తన కుర్చీని అహరోను కుర్చీకి ఆనేలా జరిపాడు.

"నేనుంట సార్. మాట్లాడుడు నాకు రాదు. పక్కకు కూసునుడు వస్తది."