నూతినీళ్ళ పళ్ళు

మా ఊళ్ళో నా పళ్ళ రంగు ఎవరూ పట్టించుకోలేదు. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని ఆడవాళ్ళు అడ్డపొగ తాగే ఊళ్ళో గోధుమరంగు పన్ను ఒక వింతా? అరవైల చివర్లో టీచరు ట్రైనింగుకని అనకాపల్లి వచ్చాక మొదటి వారంలోనే మా మేడమ్, అందరూ వింటుండగా, "ఏటమ్మా, పళ్ళు తోముకోవా?" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి బొగ్గుతో, ఇటికపొడితో, చిగుళ్ళు రక్తం కారేదాకా తోమాను. మరక పోలేదు సరికదా, ముందుపళ్ళు రెండూ అంచుల్లో పెచ్చులూడాయి. మూడు నెలల్లో పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పి చూపించాలి. పెదాలు విప్పకుండా పాఠం ఎలా చెబుతాను?

మెయిన్ రోడ్డు పక్క వీధిలో పళ్ళ డాక్టరొకాయన కొత్తగా ప్రాక్టీసు పెట్టాడు. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసే సాయిబు. కొడుకు మద్రాసులో చదివొచ్చి, ఆ కొట్టు మీది గదిలోనే కుర్చీ వేశాడు. నన్ను అక్కడికి తీసుకెళ్ళడానికి మా అమ్మ ఊరి నుంచి బస్సెక్కి వచ్చింది.

ఆయన చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది మురికి కాదమ్మా, తోమితే పోదు. చిన్నప్పుడు చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పట్టిన మరక. తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువుంటే ఇలా అవుతుంది. ఎక్కడి నీళ్ళు పట్టించేవారు?" అని అమ్మనడిగాడు.

"నూతినీళ్ళే బాబూ," అంది అమ్మ. "ఊళ్ళో పిల్లలందరూ సెరువు నీళ్ళే తాగీవోరు. గేదెలు దిగుతాయని ఈ పిల్లకి మాత్రం నేనివ్వలేదు. రెండు పొలాలవతల లోతు నుయ్యుంది. కొబ్బరినీళ్ళలాగుంటాయి. రోజూ అక్కణ్ణుంచే మోసీదాన్ని."

"లోతు నూతుల్లోనే అదెక్కువ," అన్నాడు డాక్టరు, అద్దం తుడుచుకుంటూ. నేను ఊరుకోలేదు.

"అయితే నా పళ్ళు పాడుచేసింది నువ్వేనన్నమాట!"

నోటిదురుసు నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. ఆ రోజు దానికి హద్దు లేకుండా పోయింది. అమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ బల్ల మీద కూర్చుండిపోయింది.

ఆయన పగిలిన చోట ఏసిడు రాసి, కడిగి, ఆరబెట్టి, తెల్లపొడి ఏదో ద్రవంలో కలిపి అంటించాడు. ఏసిడు పంటిని గరుకు చేస్తుందనీ, ఆ గరుకులో ఈ ముద్ద పట్టుకుంటుందనీ పత్రికలో చదివాడట. "గట్టివి కొరక్కమ్మా" అన్నాడు. ఐదో రోజున అమ్మ పంపిన చెరుకు పంటితో చీలుస్తుంటే, అంటించింది కాస్తా ఊడి ఒళ్ళో పడింది. చెరుకు గట్టిదని మా వైపు ఎవరికీ తోచదు.

తిట్టుకుంటూ మళ్ళీ వెళ్ళాను. ఆయన ఊడిన ముక్కని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తప్పు చెరుకుదే కాదు, నాది కూడా. ఈ మరక పంటి పైపొరకి ఏసిడు తొందరగా పట్టదు కాబోలు."

ఈసారి పైపొర సన్నగా అరగదీసి, ఏసిడు రెండింతలసేపు ఉంచాడు. అది నిలిచింది. పాఠం రోజు నోరారా మాట్లాడాను. వెనక బెంచీ దాకా వినబడిందని మేడమ్ మెచ్చుకున్నారు.

ఆ ఆదివారం గొప్పగా ఊరెళ్ళాను. అమ్మ నా గడ్డం పట్టుకుని పళ్ళు చూసింది. "బాగున్నాయి తల్లీ" అని లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఒక గుక్క తాగాను. బురద వాసన.

"చెరువు నీళ్ళేటమ్మా? మన నూతినీళ్ళేవి?"

"ఆ నూతికెళ్ళడం మానేసేను. నువ్వొత్తావని పొద్దున్నే సెరువు నీళ్ళు తెచ్చి, వడగట్టి కాసేను."

"ఇప్పుడు ఏ నీళ్ళు తాగినా నా పళ్ళకేమీ కాదమ్మా. అదంతా చిన్నప్పటి సంగతి. డాక్టరు చెప్పేడు కదా!"

"సెప్పేడు," అంది అమ్మ. "నువ్వూ సెప్పేవు కదా."

కోపంగా అన్నా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ గ్లాసు ఖాళీ చేసి, ఇంకో గ్లాసు అడిగాను.