పెళ్లిచూపులకు పోయి తాతను చూసొచ్చాను

పెళ్లిచూపులు చెడగొట్టుకున్నవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. పిల్లను చూడకుండానే చెడగొట్టుకున్న ఘనత మాత్రం, నాకు తెలిసినంతలో, నాదే. మావాళ్లు ఇప్పటికీ నవ్వుతున్నారు. మీరూ చేరండి.

మెకానికల్ డిప్లొమా చదివి, తర్వాత వేరే శిక్షణ తీసుకుని, వికారాబాద్‌లో ఒక ప్రైవేటు సెంటర్లో ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటుగా చేరాను. పక్షవాతం వచ్చినవాళ్లు మళ్లీ సొంతంగా తినడం, గుండీలు పెట్టుకోవడం, తల దువ్వుకోవడం నేర్చుకోవాలి కదా? ఎలా నేర్పాలో థెరపిస్టు మేడమ్ చెబుతారు, పక్కనుండి చేయించేది నేను. ఈ ఉద్యోగంలో ఒకే ఇబ్బంది. దాని పేరు పూర్తిగా పలికేలోపు అవతలివాళ్ల టీ చల్లారిపోతుంది.

తాండూరు సంబంధం మా మేనమామ తెచ్చాడు. ఫోటో చూసిన దగ్గర్నుంచి నాకు ఆ పిల్ల తప్ప వేరే ధ్యాస లేదు. బస్సులో మామ హెచ్చరించాడు: "జీతం అడిగితే ముందుముందు మస్తు పెరుగుతదని చెప్పు. గంతే. పాఠం మొదలుపెట్టకు."

పిల్ల తండ్రికి నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉంది. మాటలు కూడా నున్నగా పాలిష్ చేసే వదులుతాడు.

"గుండీలు పెట్టుకునుడు నేర్పిస్తే జీతమిస్తరా బాబూ?"

"ఇస్తరు సార్."

"ఎంత?"

"మొదట్ల తక్కువనే సార్. హైదరాబాద్‌ల ఎక్కువిస్తరు. పిల్లల థెరపీ సెంటర్లల్ల ఇంక గిరాకీ. పై చదువు చదివితే నేనే థెరపిస్టునైత."

"గవన్నీ సరే. ఎంత?"

మామ నా కాలు తొక్కాడు. సరిగ్గా అప్పుడే గది మూల కుర్చీలో ఉన్న ముసలాయన నా కంటపడ్డాడు. పిల్లకు తాత. కుడిచేయి పక్షవాతంతో ఒళ్లో పడి ఉంది. కోడలు ఆయనకు చెంచాతో ఉప్మా తినిపిస్తోంది. కానీ ఆ వేళ్లు పంచె అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి! ఇంత పట్టున్న చేయి చెంచాను ఎందుకు పట్టలేదు? ఆ కుతూహలమే నా కొంప ముంచింది.

"ఆగండమ్మా! తినిపియ్యకండి!"

"అయ్యో, ఉప్మాల ఏమన్న పడ్డదా?"

"లేదమ్మా. తాతనే తింటడు. ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు."

మా పనిలో అన్నిటికంటే కష్టమైన విద్య సాయం చేయకపోవడం. చేతులు కట్టుకుని నిలబడటానికే మాకు జీతమిస్తారేమో అనిపిస్తుంది చూసేవాళ్లకు. చెంచా కాడ లావుగా ఉంటే పట్టు దొరుకుతుందని దానికి నా జేబురుమాలు చుట్టి తాత చేతిలో పెట్టాను. చెంచా లేచింది. వణికింది. సగం ఉప్మా పిల్ల తండ్రి తెల్ల చొక్కా మీద వాలింది. ఆయన తాతను పట్టుకోబోయాడు.

"కూసోండి సార్!" అని గద్దించాను. అవును, కాబోయే మామగారినే.

రెండోసారి చెంచా గడ్డం దాకా వచ్చింది. అంతలో ఎవరో వచ్చి కిటికీకి అడ్డంగా నిలబడ్డారు. గాజులు గలగలమన్నాయి. నేను తలెత్తలేదు.

"జర పక్కకు జరుగమ్మా, తాత చేతి మీద వెలుతురు పడుతలేదు."

గాజులు పక్కకు జరిగాయి. మామ మూలిగాడు. చెంచా నోట్లోకి చేరింది. తాత తీరిగ్గా నమిలి, "ఉప్పు తక్కువైంది కోడలా" అన్నాడు. నేను చప్పట్లు కొట్టాను. తలెత్తి చూస్తే బల్ల మీద టీ పళ్లెం ఉంది. తెచ్చిన పిల్ల లేదు.

తిరుగు బస్సులో మామ అడిగాడు: "ఎట్లున్నదిరా?"

"కుడిచేతి పట్టు బాగనే ఉంది మామా."

"నేనడిగింది పిల్ల సంగతిరా!"

పిలిచి పిల్లను చూపిస్తామంటే తాతను చూసొచ్చాడట వెనకటికొకడు, అని అమ్మ కొత్త సామెత కట్టింది.

కొన్నాళ్లకు పిల్ల తండ్రి ఫోన్ చేశాడు. "పిల్ల వద్దంటున్నది బాబూ. చూడనీకి వచ్చి పక్కకు జరుగుమన్నోడు నాకెందుకు అంటున్నది." సరే సార్ అని ఫోన్ పెట్టేయబోయాను. "మా నాయిన మాత్రం నువ్వే గావాలంటున్నడు. వారానికి రెండుసార్లు వస్తవా? ఎంత దీసుకుంటవ్?"

నెల జీతాన్ని పనిదినాలతో భాగించి, బస్సు చార్జీ కలిపి, రూపాయి అటూ ఇటూ కాకుండా చెప్పాను. ఆయన వ్యాపారస్తుడు కదా, బస్సు చార్జీ తీసేసి నెల జీతానికి వెనక్కి హెచ్చవేశాడు.

"నెలకు గింతేనా? అయితే పిల్ల వద్దన్నదే నయమైంది. నువ్వు సోమవారం నుంచి రా."

ఆ సోమవారమే, తాండూరు బస్టాండులో దిగి, కుడిచేయి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేశాను: ఇకమీద ఏ పెళ్లిచూపులకు పోయినా ముందు పిల్లను చూస్తాను. ఆ ఇంట్లో ఎంతమంది తాతలున్నా సరే, టీ తాగేదాకా వాళ్ల వంక కన్నెత్తి చూడను.