ఇచ్చెయ్యవ్వా అన్నాను

అష్టగ్రహ కూటమి అంటే ఈ కాలం పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. అప్పట్లో నేనూ లోపల నవ్వుకున్నవాణ్ణే. ఆ నవ్వేదో పైకి నవ్వి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాయాల్సిన పని ఉండేది కాదు.

అరవైల మొదట్లో సంగతి. ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలోకి వస్తున్నాయనీ, ఆ మూడు రోజుల్లో లోకం అంతమైపోతుందనీ ఎక్కడ చూసినా ఒకటే గోల. మా ఊరు బుచ్చిరెడ్డిపాలేనికి తూర్పున, కాలువ కింద వరి పండించుకునే ఊరు. సముద్రం ఎంతో దూరం లేదు. అందుకని మాకు ప్రళయం వేరే వెతుక్కోనక్కర్లేదు, సముద్రమే వచ్చి మీద పడుతుందన్నారు. చేపలమ్మే ఆడవాళ్లు తట్టలు దించుతూ, "నీళ్లు వెనక్కి పోయుండాయి, మంచిది కాదు" అని ఒక మాట అనేసి పోయేవాళ్లు. ఇంట్లో ఉన్న కోళ్లన్నీ వరసగా కోసుకు తిన్నవాళ్లున్నారు. పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు కలిసిపోయి ఏడ్చారు. ప్రళయం దాటాక మళ్లీ మాటలు మానుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

నాకు పందొమ్మిదేళ్లు. నెల్లూరు కాలేజీలో పి.యు.సి. తప్పి ఇంటికొచ్చి కూర్చున్నాను. తప్పినా సరే, మా వీధిలో చదువుకున్నవాణ్ణి నేనే. మధ్యాహ్నం బస్సులో వచ్చే పేపరును కాఫీ హోటలు బెంచీ మీద కూర్చుని పైకి చదివేది నేనే. గ్రహాల సంగతి కాలేజీలో మా లెక్చరర్ చెప్పి ఉన్నాడు. అవి ఒకచోట చేరినట్టు మనకు కనిపించడమే తప్ప ఎక్కడివక్కడ కోట్ల మైళ్ల దూరంలో వాటి దారిన అవి పోతుంటాయనీ, మన ఊసే వాటికి పట్టదనీ. నాకది బాగానే బుర్రకెక్కింది. ఎంతగా ఎక్కిందంటే, ప్రళయం ఇంకో వారం ఉందనగా నెల్లూరులో ఒక ఆఫీసులో గుమాస్తా పనికి దరఖాస్తు రాసి, స్టాంపు అంటించి, నా చేత్తో నేనే పోస్టు డబ్బాలో వేసొచ్చాను. లోకం ఉండదనుకునేవాడు ఎవడైనా ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంటాడా?

కానీ బెంచీ మీద కూర్చుని ఆ ముక్క చెప్పలేదు. మొదటి రోజు చెప్పబోయాను. మా నాయనకు అన్న, నాకు పెదనాయన, అక్కడే కూర్చుని ఉన్నాడు. ఊళ్లో ఆయన మాటే మాట. "పి.యు.సి. తప్పినోడు గూడా గ్రహాలకి బుద్ధి చెప్తాడంట" అన్నాడాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మర్నాటి నుంచి భయపెట్టే వార్తలు గొంతు పెంచి చదివాను, మిగతావి వదిలేశాను. నోళ్లు తెరుచుకుని వింటుంటే నాకెంతో గొప్పగా ఉండేది. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే అదే.

శాంతి చెయ్యాలన్నారు పెద్దలు. మూడు రోజులు హోమం, ఊరందరికీ సంతర్పణ. ఇంట్లో గింజలు దాచుకుని శాంతి చేస్తే ఫలం ఉండదనీ, ఎవరింట్లో ఉన్న ధాన్యం వాళ్లు ఇచ్చెయ్యాలనీ పెదనాయన తీర్మానించాడు. గంపలు పట్టుకుని పదిమంది ఇల్లిల్లూ తిరిగారు. నలుగురితో పాటు నారాయణా అని నేనూ తిరిగాను.

ఊరి చివర ఒక అవ్వ ఉండేది. నాకు చుట్టం కాదు, ఊరందరికీ అవ్వే. మొగుడు పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. మా పొలం పక్కన ఎకరం చేను కౌలుకు చేసుకునేది. ఆమె గొప్పంతా విత్తనంలో ఉంది. మొలగొలుకుల వరి కోతకొచ్చే ముందు పొద్దున్నే చేలోకి దిగి, ఒక్కో కంకీ చేత్తో పట్టి చూసి, మంచివి మాత్రం కొడవలితో కోసి ఒళ్లో వేసుకునేది. వాటిని విడిగా నూర్చి, ఎండబెట్టి, గడ్డితాడు చుట్టి కట్టిన చిన్న పురిలో వేపాకు వేసి దాచేది. ఏటా అదే పని. అందుకే ఆమె చేను పండితే దువ్వెనతో దువ్వినట్టు అంతా ఒకే ఎత్తున ఉండేది. "మా అత్త చేతి నించి వచ్చిన గింజ" అని చెప్పుకునేది.

మేం వెళ్లేసరికి తినే వడ్లు అప్పటికే గంపకెత్తి వాకిట్లో పెట్టి ఉంచింది. పెదనాయన లోపలికి తొంగిచూశాడు. మూలనున్న పురి కనిపించింది.

"అదేంది?"

"విత్తనాలయ్యా."

"ఇంక ఎవురు నారు పోస్తారు, ఎవురు కోస్తారు? తియ్, తియ్."

అవ్వ కదల్లేదు. "కరువులో గూడా దాన్ని ముట్టలేదయ్యా" అంది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి" అన్నాడు వెనకనుంచి ఒకడు. "రేపు ఏదన్నా అయితే ఈమె దాచిపెట్టుకున్నందుకే అయింది అంటారు" అన్నాడు ఇంకొకడు. ఆ మాటకు అవ్వ మొహం పాలిపోయింది. ఒంటరి ముసలిదాని మీద అలాంటి నింద పడితే ఊళ్లో ఎవరు బతకనిస్తారు?

అప్పుడామె గుంపులో వెతికి నన్ను చూసింది.

"అబ్బయ్యా, నువ్వు చదువుకున్నోడివి. రోజూ పేపరు చూస్తుండావు. నువ్వు చెప్పు. ఉంచుకోమంటే ఉంచుకుంటా, ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తా."

పదిమందీ నా వైపు తిరిగారు. పెదనాయన కనుబొమలు ఎగరేశాడు. ఎంత మాట అది? ఉంచుకో అవ్వా అంటే సరిపోయేది. నన్నేమైనా కొట్టి చంపేవాళ్లా? మహా అయితే నాలుగు రోజులు నవ్వేవాళ్లు, పెదనాయన తిట్టేవాడు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా.

"ఇచ్చెయ్యవ్వా" అన్నాను.

ఆమె పురి తాడు తనే విప్పింది. గింజలన్నీ గంపలో పోసి, అడుగున మిగిలిన గుప్పెడు కూడా చేత్తో ఊడ్చి వేసింది.

సంతర్పణ ఘనంగా జరిగింది. అవ్వ విత్తనాలు దంచి వండిన అన్నం నైవేద్యానికీ, ముందు పంక్తికీ పెట్టారు. నేను ముందు పంక్తిలోనే కూర్చున్నాను. మారు కూడా వేయించుకున్నాను. ఈ ముక్క రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. తినేటప్పుడు లేని సిగ్గు రాసేటప్పుడెందుకు?

మూడు రోజులూ గడిచాయి. నాలుగో రోజు కాకులు అరిచాయి, బర్రెలు పాలిచ్చాయి, బుచ్చిరెడ్డిపాలెం బస్సు ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. ఎవరూ సిగ్గుపడలేదు. "మనం శాంతి చేసినాం కాబట్టి ఆగిపోయింది" అన్నాడు పెదనాయన. అందరూ అవునన్నారు. ఊరంతా కలిసి చేస్తే అది తప్పు కాదు కాబోలు.

నారుమళ్ల కాలం వచ్చింది. అవ్వ విత్తనాల కోసం మా ఇంటికొచ్చింది. నాయన కాదనలేదు. అమ్మ నన్ను పిలిచి పురి విప్పి పొయ్యమంది. అవును, మా ఇంట్లో విత్తనాల పురి అలాగే ఉంది. మా వాకిట్లో తినే వడ్లు పుచ్చుకుని గంపలు ముందుకెళ్లిపోయాయి. లోపలికి తొంగిచూసినవాడెవడూ లేడు. పెదనాయన ఇంట్లోనూ అంతే. అవ్వ ఆ పురి వైపు చూసింది, నా వైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని గింజలు పోశాను.

ఆ యేడు ఆమె చేలో ఒక కంకి పొడుగు, ఒక కంకి పొట్టి. ఒక మూల పండితే ఇంకో మూల పచ్చి. మా విత్తనం ఘనత అది. కోతకు ముందు ఒకరోజు సాయంత్రం ఆమె గట్టు మీద కూర్చుని చేను చూసుకుంటోంది. అటుగా పోతూ వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి చెప్పాలని నెలల తరబడి నన్ను తినేస్తోంది.

"మళ్లీ ఏరుకుంటా పోతే వస్తది గదవ్వా" అన్నాను.

"రాకేం, వస్తది. ఏండ్లు పడతది. అన్ని ఏండ్లు నాకెక్కడివి అబ్బయ్యా" అంది మామూలుగానే. చేను వైపే చూస్తూ, "ఆ పొద్దు నా మనసు చెప్తానే ఉండింది, ఇయ్యబాక, ఇయ్యబాక అని. చదువూ సంధ్యా లేనిదాన్ని, నా మనసుకేం తెలుసులే అనుకున్నా. నీ మాట మింద ఇచ్చినా" అంది.

నా మనసూ వద్దనే చెప్పింది అవ్వా అనాలి. ఉన్న నిజం అదొక్కటే. అలా అంటే, మరి నోరెందుకు తెరవలేదని అడుగుతుంది.

"నేనూ నిజమనే నమ్మినానవ్వా" అన్నాను.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలే అబ్బయ్యా. నువ్వు మాత్రం ఏం చేస్తావు, నువ్వూ చిన్నోడివే గదా. దానికి బాధపడబాక" అంది. నేను బాధపడుతున్నట్టే తల ఊపాను. ఇంకో రెండు మాటలు ఓదార్పించుకుని, లేచి ఇంటికొచ్చేశాను.