దూదత్త ఇంట్లో కుర్చీలు

తప్పు నాదే. ముందే చెప్పేస్తే మీరు తీరిగ్గా తిట్టుకోవచ్చు. మా అత్త కర్టెన్ల కొలతలు తీసుకోవడానికి బయటికి వెళ్ళిన గంటలో, వాళ్ళ హాల్లో ఉన్న నాలుగు కుర్చీల్నీ, బల్లనీ, కుట్టుమిషన్ ముందుండే స్టూల్నీ ఒక్కో జానెడు పక్కకి జరిపాను. ఏదీ పగలగొట్టలేదు, ఏదీ దాచలేదు. జానెడంటే జానెడే. కానీ ఆ ఇంట్లో కుర్చీ జరపడం ఎంత పెద్ద పనో తెలియాలంటే, ముందు మీకు మా అత్త తెలియాలి.

ఆవిడ మా నాన్నకి చెల్లెలు. కర్టెన్లు కుడుతుంది. నేను ఫోన్లు రిపేరు చేస్తాను. ఎవరూ నేర్పలేదు, మా నాన్న ఫోన్ పాడుచేసి నేర్చుకున్నాను. నా దుకాణం, వాళ్ళ ఇల్లు ఒకే వీధిలో ఉన్నాయి కాబట్టి పని లేనప్పుడల్లా అక్కడే పడుంటాను. వీధిలో అందరూ ఆవిడని దూదత్త అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో తాళాలు ఉన్నా లేకపోయినా దూది ఉండలు ఉంటాయి. దారిలో ఎవరైనా కుక్కని గొలుసుతో తీసుకెళ్తుంటే ఈవిడ ఆగిపోతుంది. దాని ముందు నిలబడి, చెయ్యి పైకెత్తి, ఒక దూది ఉండ వదిలేస్తుంది. దూది పడితే చప్పుడు రాదు. కళ్ళున్న కుక్క దాన్ని నేల దాకా చూస్తుంది. కళ్ళు లేని కుక్క ఎటో చూస్తూ తోకాడిస్తుంది. ఆ తర్వాత ఈవిడ దూది తీసుకుని బ్యాగులో వేసుకుని తన దారిన తను పోతుంది.

ఒకాయనకి కోపమొచ్చింది. "ఏంటమ్మా, మా కుక్కకి మంత్రం వేస్తున్నారా?"

"నాకు మంత్రమే వస్తే ముందు మీకు వేసేదాన్ని. ఆ గొలుసు చూడండి, దాని మెడ ఎలా నొక్కుతోందో."

ఇదీ మా అత్త. ఇంట్లో కుక్కల్ని ఈనిస్తుంది కూడా. నల్ల స్పానియళ్ళు, నేల ఊడ్చేంత పొడుగు చెవులు. మూడేళ్ళకి ఒక ఈత, అంతకంటే వద్దంటుంది. దానికి ముందు తల్లికీ తండ్రికీ తుంటి ఎక్స్‌రేలు, రక్తపరీక్ష, కళ్ళ పరీక్ష, గుండె పరీక్ష. నేను పుట్టకముందు మా అమ్మానాన్నలకి ఇందులో సగం కూడా చేసుండరు, చేసుంటే నన్ను కనేవాళ్ళే కాదని అత్త అంటుంది. కుక్కపిల్ల కావాలని వచ్చేవాళ్ళకి ప్రశ్నల వర్షం. ఇంట్లో ఎవరెవరుంటారు, పగలు ఎవరు చూస్తారు, పన్నెండేళ్ళ తర్వాత మీరెక్కడుంటారు. ఆఖర్న ఒక కాగితం మీద సంతకం: ఏ వయసులో ఏ జబ్బు వచ్చినా నాకు చెప్పాలి, పెంచలేకపోతే నాకే తిరిగి ఇవ్వాలి.

"కుక్కే కదండీ, ఇన్ని పరీక్షలెందుకు?" అని ఒకావిడ నవ్వింది.

"కుక్కే కాబట్టి. మీరైతే నొప్పి పుడితే నోటితో చెప్తారు." ఆవిడకి పిల్ల దొరకలేదు.

ఇంత పట్టుదల మొదట్నించీ లేదు. పదిహేడేళ్ళ కిందట అత్త దగ్గర బొగ్గు అనే ఆడకుక్క ఉండేది. అందాల పోటీలో కప్పు గెలిచిన ఒక మగకుక్కతో దాన్ని కలిపింది. ఏ పరీక్షా చెయ్యలేదు. కప్పు ఉంది కదా అనుకుంది. ఆరు పిల్లలు. పుట్టగానే అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక్కోదాని మెడకి ఒక్కో రంగు ఊలు పట్టీ కట్టింది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు, గులాబీ, పసుపు. రెండు నెలలకి ఆరూ ఆరిళ్ళకి వెళ్ళాయి.

బొగ్గు ముందే ఒక సూచన ఇచ్చిందట. మసక వెలుతురులో మెట్ల దగ్గర ఆగిపోయేది. అత్త దాన్ని బద్ధకమనుకుని, ముద్దుచేసి ఎత్తుకుని దింపేది. మరో రెండేళ్ళకి బొగ్గు కళ్ళు పూర్తిగా పోయాయి. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ముందు ఎరుపు పట్టీ పిల్ల, తర్వాత ఆకుపచ్చ, తర్వాత తెలుపు. తల్లిదండ్రుల్నుంచి వచ్చే జబ్బట. నీలానికీ గులాబీకీ చూపు బాగానే ఉంది కానీ, లోపాన్ని లోపల మోస్తూ పిల్లలకి అందిస్తాయి. ఆ రెంటినీ ఎవరూ ఈనించకుండా చూసుకుంది. పసుపు పట్టీ పిల్ల ఇంటివాళ్ళు అప్పటికే ఇల్లు మారిపోయారు. ఫోను లేదు. అత్త ఆ వీధికి పదిసార్లు వెళ్ళింది. ఎవరికీ ఏమీ తెలియదు.

ఆవిడ రిజిస్టర్లో ఆ పేజీ నేను చూశాను. ఐదు వరుసల నిండా రాత. ఆరో వరుసలో 'పసుపు, ఆడది' అని రాసి, ఆపైన ఖాళీ.

"అత్తా, పదిహేడేళ్ళయింది. అది ఎప్పుడో పోయుంటుంది కదా."

"అది పోయిందిరా. దాని పిల్లలో? వాటి పిల్లలో?"

దూది ఎందుకో నాకు ఆ రోజు అర్థమైంది. దారిలో కనబడే ప్రతి నల్ల చెవుల కుక్కలోనూ ఆవిడ ఆ ఖాళీ వరుసే చూస్తుంది. నాకు పది రకాల గొంతులొస్తాయి. కరెంటాఫీసు గొంతుతో మా నాన్నని, పోలీసు గొంతుతో మామయ్యని ఏడిపించాను. పసుపు పట్టీ కుక్క ఓనర్ గొంతుతో అత్తకి ఫోన్ చెయ్యాలన్న ఆలోచన కూడా వచ్చింది, కానీ చెయ్యలేదు. నాక్కూడా ఎక్కడో ఒక హద్దు ఉందన్నమాట.

ఇక కుర్చీలు. గుడ్డిదైన బొగ్గు ఆ హాలుని కాళ్ళతో బట్టీ పట్టింది. అందుకని అత్త ప్రతి కుర్చీ కాలు చుట్టూ నేల మీద తెల్ల పెయింటుతో ఒక గుండ్రం గీసింది. ఊడ్చేటప్పుడు జరిపినా మళ్ళీ గుండ్రంలోకి రావాల్సిందే. బొగ్గు పోయి ఎనిమిదేళ్ళయింది. గుండ్రాలు మాత్రం ఉన్నాయి; పెయింటు చెరిగితే అత్త మళ్ళీ దిద్దుతుంది. మామయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. "రోజంతా పైకీ కిందికీ తిరుగుతాన్రా, ఇంటికొస్తే పక్కకి కూడా కదలనివ్వదు" అంటాడు. అని, కుర్చీని గుండ్రంలో పెట్టే కూర్చుంటాడు.

మధ్యాహ్నాలు మిషన్ ఆపినప్పుడు హాల్లో బొగ్గు గోళ్ళ చప్పుడు వినిపిస్తుందని అత్త ఒకసారి నోరు జారింది. టక్ టక్ మని తలుపు దాకా వచ్చి ఆగుతుందట. నాలాంటివాడి చెవిన పడాల్సిన మాటా అది? ఇంట్లో కుర్చీలు వాటంతటవే జరిగితే అత్త మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అదీ నా గొప్ప పథకం.

ఇప్పుడున్న కుక్క పేరు మిరియం. నాలుగేళ్ళది. బొగ్గు వంశం కాదు. బొగ్గు ఈత తర్వాత అత్త ఐదేళ్ళు కొత్త కుక్క జోలికే పోకుండా ఉండి, అన్ని పరీక్షలూ చేసిన చోటునుంచి తెచ్చుకున్న కుక్కకి మనవరాలు. ఆ ఇంట్లోనే పుట్టింది. ఇప్పుడు దానికి మొదటి ఈత కావాలి. మా వీధి బేకరీ ఆయన తన మగకుక్కని ఎల్లుండి తెస్తానన్నాడు. పిల్లల కోసం ఆరు కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి, అందులో ఒకటి మూడేళ్ళనుంచి. మిరియం తల్లి పోయింది. పదిహేడేళ్ళ కిందటి తప్పు దిద్దుకుంటూ అత్త నిలబెట్టిన వంశంలో ఆ ఇంట్లో మిగిలింది ఇదొక్కటే.

ఆ మధ్యాహ్నం వాన. కుట్టి తగిలించిన మందపాటి కర్టెన్లతో హాలు మసగ్గా ఉంది. నేను అన్నీ జరిపి, వంటింటి తలుపు వెనక నక్కాను. మిరియం నా పక్కనే పడుకుంది. గేటు చప్పుడైంది. అత్త గొడుగు విదిలిస్తోంది. మిరియం లేచి, రోజూ పరిగెత్తే దారిలోనే పరిగెత్తింది.

ఠప్.

మొహంతో కుర్చీని గుద్దుకుంది. వెనక్కి తగ్గి, పక్కకి తిరిగి, ఈసారి బల్ల కాలుని. తర్వాత కదలడం మానేసి, ఒక కాలు గాల్లో పెట్టుకుని నిలబడింది. నేల ఎక్కడుందో వెతుకుతున్నట్టు.

అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. గొడుగు కొసనుంచి నీళ్ళు కారుతున్నాయి. జరిగిన కుర్చీల్ని ఆవిడ చూడనే లేదు.

"బొగ్గూ" అంది.

అంత నెమ్మదిగా ఎవరైనా ఎవర్నైనా పిలవడం నేను వినలేదు. వెనకనుంచి "భౌ" మనాల్సిన నేను తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"అత్తా, నేనే. నేనే జరిపాను. ఊరికే..."

తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. మిరియాన్ని ఎత్తుకుని వరండాలోకి తీసుకెళ్ళింది. అక్కడ వెలుతురుంది. బ్యాగులోంచి దూది తీసి వదిలింది. మిరియం తల దూదితోపాటు కిందికి దిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చూశావా, బాగానే ఉంది. కుర్చీ అక్కడ ఉంటుందనుకోక గుద్దుకుంది, అంతే."

అత్త దాన్ని హాల్లోకి తెచ్చింది. కర్టెన్ల మసకలో మళ్ళీ దూది వదిలింది. మిరియం అత్త గొంతు వచ్చే వైపు చూస్తూ తోకాడించింది. రెండోది. మూడోది. నేల మీద తెల్లటి ఉండలు, తెల్లటి గుండ్రాలు. ఒక్కదాన్నీ మిరియం చూడలేదు.

"పోయిన నెల కరెంటు పోయినప్పుడు మెట్ల దగ్గర ఆగింది" అంది అత్త, నాతో కాదు. "నేనే ఎత్తుకుని దింపాను. మళ్ళీ ఎత్తుకుని దింపాను."

మామయ్య వచ్చేసరికి మేమిద్దరం నేల మీదే కూర్చుని ఉన్నాం. గోడకి మిరియం కళ్ళ సర్టిఫికెట్ తగిలించి ఉంది. ఏడాది చెల్లుతుంది. నేను తేదీ చూశాను.

"దీనికి ఇంకా మూడు వారాలుంది కదత్తా. ఎవరూ అడగరు. ఈ ఒక్క ఈత..."

నోట్లోంచి వచ్చాక తెలిసింది ఏమన్నానో.

"కాగితానికి ఉన్నాయిరా మూడు వారాలు. దాని కళ్ళకి లేవు."

పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దామని మామయ్య బండి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

మర్నాడు పొద్దున కళ్ళ డాక్టరమ్మ మిరియం కళ్ళలో చుక్కలు వేసి, గది చీకటి చేసి, నుదుటికి దీపం కట్టుకుని చాలాసేపు చూసింది. అత్త దాని గడ్డం పట్టుకుని కూర్చుంది.

"రక్తనాళాలు సన్నబడ్డాయి. వెనక పొర ఎక్కువ మెరుస్తోంది. పోయినేడు ఇవేవీ లేవమ్మా, నేనే చూశాను కదా."

"రక్తపరీక్షలో ఏమీ లేదన్నారు."

"ఆ పరీక్షలో తెలిసేది మనకి తెలిసిన రకం. తెలియనివి ఇంకా ఉన్నాయి. అందుకే ఏటా చూడమనేది." డాక్టరమ్మ దీపం తీసేసింది. "నొప్పేమీ ఉండదు. పగలు ఇంకో ఏడాదో రెండేళ్ళో కనబడుతుంది. అసలు ఇంట్లో ఇన్నాళ్ళూ ఎక్కడా గుద్దుకోలేదా?"

అత్త నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ నచ్చదు. "మా ఇంట్లో గుద్దుకోదు. బొగ్గు కోసం గుండ్రాలు గీసి పెట్టాను. ఇది కళ్ళు తెరిచినప్పట్నుంచీ ఒక్క కుర్చీ కదలడం ఎరగదు. చూడకుండానే తిరిగేస్తుంది. నేను చూస్తోందనుకున్నాను."

ఇంటికొచ్చి అత్త ఫోను పట్టుకుని కూర్చుంది. బేకరీ ఆయనకి మొదట. "తీసుకురాకండి. మీ వాడి తప్పేం లేదు." తర్వాత మిరియం తోడబుట్టిన నాలుగు కుక్కల ఇళ్ళకి, తండ్రి కుక్క ఉన్న ఇంటికి. ప్రతి ఇంటికీ అవే మాటలు: మిరియానికి కళ్ళ జబ్బు బయటపడింది, మీదాన్ని ఈ వారమే చూపించండి, ఈనించకండి, ఫలితం నాకు చెప్పండి. ఒకాయన అరుస్తున్నాడు, ఫోను చెవికి దూరంగా ఉన్నా నాకు వినబడింది. ఆయన అరవడం అయిపోయేదాకా ఆగి, "అవునండీ. ఇంతకీ ఏ రోజు చూపిస్తారు?" అంది. ఆఖర్న ఎదురుచూస్తున్న ఆరు కుటుంబాలకి. మూడేళ్ళనుంచి ఆగిన ఆవిడ ఏడ్చింది. అత్త ఏడవలేదు. రిజిస్టర్లో మిరియం పేజీ అడుగున గీత కొట్టి, 'ఇక్కడితో ఆఖరు' అని రాసింది. రాసి, పేజీలు వెనక్కి తిప్పి, ఆరో వరుస దగ్గర కాసేపు వేలు పెట్టుకుని కూర్చుంది. హాలు నిశ్శబ్దంగా ఉంది. ఒట్టేసి చెప్తున్నా, గోళ్ళ చప్పుడు నాకూ వినిపించింది. మిరియం లోపల పడుకునే ఉంది.

నేను మెల్లిగా లేచి, కుర్చీల్ని ఒక్కోటిగా గుండ్రాల్లోకి తోశాను. మిరియానికి ఇక అవే కావాలి. అత్త మిషన్ ముందు కూర్చుంది. చాలాసేపటికి ధైర్యం తెచ్చుకున్నాను.

"అత్తా, నీ గురించి రాద్దామనుకుంటున్నాను. ఎంతైనా నేను ఆ కోతిపని చేశాను కాబట్టే కదా బయటపడింది? చివర్లో నన్ను మెచ్చుకుంటూ ఒక్క ముక్క చెప్పు, వేసుకుంటాను."

అత్త మిషన్ ఆపలేదు, తలా ఎత్తలేదు.

"దెబ్బ తగిలింది దానికి, మెచ్చుకోలు నీకట్రా? ఆ మూల కుర్చీ ఇంకా రెండు వేళ్ళు పక్కకుంది. ముందు అది సరిగ్గా పెట్టి ఏడు."