తమ్ముడి గుండెకు నాలుగు ప్రశ్నలు

మంగళవారం పొద్దున్న పదీ ఇరవైకి మా తమ్ముడు గుండె డాక్టరు ముందు అటెన్షన్‌లో నిలబడి, "సబ్ ఠీక్ హై, మేడం" అని అబద్ధం చెప్పాడు.

ఇరవై నాలుగేళ్ళు పటాలంలో చేసినవాడు. పై అధికారి ఎలా ఉన్నావని అడిగితే అంతా బాగుందనడమే వాడికి తెలుసు. జ్వరంతో వణుకుతూ కూడా అదే చెప్పేవాడట. పింఛను వచ్చాక నోయిడాలో ఆఫీసు క్యాబు నడుపుతున్నాడు. నేనూ వాళ్ళింట్లోనే ఉంటున్నాను. ఆ నెలలో రెండుసార్లు మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడ్డాడు. మామూలు డాక్టరు నాడి చూసి, గుండె స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళమని చీటీ రాశాడు.

అలాంటి చోట మనిషికి దొరికేది పది నిమిషాలు. అందుకని ముందురోజు సాయంత్రం వంటింట్లో కాగితం పట్టుకుని కూర్చున్నాను. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. నేర్పింది మరదలే. తను రాస్తే గబగబా అయిపోయేది. కాని మొగుడు కళ్ళెర్రజేస్తే రాసింది కొట్టేస్తుంది. నా రాత మీద చెయ్యివేసే ధైర్యం వాడికి లేదు.

"ఎన్నిసార్లు పడ్డావురా?" అని అడిగాను.

"రెండు."

"మూడు, వదినా," అంది మరదలు ఉల్లిపాయలు తరుగుతూ. "పార్కింగులో ఒకసారి. గార్డు భయ్యా చెప్పాడు."

"ఆడికేటి పని, గేటు చూసుకోకుండా?" అన్నాడు తమ్ముడు.

మూడు అని రాశాను. పడేముందు ఏమనిపిస్తుందో, ఏ మాత్రలు వేసుకుంటున్నాడో రాశాను. తర్వాత ప్రశ్నలు. ఎందుకిలా అవుతోంది, ఏ పరీక్షలు చెయ్యాలి, మళ్ళీ పడితే మేమేం చెయ్యాలి. ఇంకేమైనా ఉందా అంటే వాడు గోడకేసి చూశాడు.

"బండి నడపొచ్చా అని రాయనా?"

"అది మాత్రం రాయకక్కా. అడిగితే వద్దంటారు. అడక్కపోతే ఏటీ అనరు."

"రోజూ నీ వెనక నలుగురు కూర్చుంటారు. వాళ్ళకీ సబ్ ఠీక్ హై అనే చెబుతావా?"

కొత్త కాగితం తీసి, ఆ ప్రశ్నని మిగతా ప్రశ్నలన్నిటికన్నా పైన రాశాను. ఇంత చెప్పిన నేను మర్నాడు మరదలితో కలిసి వాడి క్యాబులోనే ఎక్కి ఆసుపత్రికి వెళ్ళాను. బుద్ధి తక్కువ పని.

అక్కడ వాడి సబ్ ఠీక్ హై విని డాక్టరమ్మ పెన్ను కింద పెట్టబోయింది. నేను కాగితం విప్పాను. తెలుగులో కూడబలుక్కుని చదవడం, దాన్ని హిందీలో చెప్పడం. ఒక్కో వాక్యానికి అరనిమిషం పట్టింది.

"మాతాజీ, నాకివ్వండి, నేను చూస్తాను," అంది. తెలుగు రాత చూసి నవ్వి, తిరిగి నా చేతిలో పెట్టింది. "మీరే చదవండి."

మూడుసార్లు పడ్డాడనగానే కుర్చీ ముందుకు జరుపుకుని తమ్ముడి వైపు తిరిగింది. "కూర్చుని ఉండగా ఎప్పుడైనా అయిందా?"

వాడు నా వైపు చూశాడు.

"నన్ను చూస్తావేంరా, గుండె నీది," అన్నాను.

అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. "మొత్తం నాలుగుసార్లు, మేడం. ఒకసారి స్టీరింగ్ దగ్గర. రెడ్ లైటుకి ఆగి ఉన్నాను కాబట్టి సరిపోయింది."

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటికప్పుడు తీసిన ఈసీజీలో తేడా ఏమీ దొరకలేదు. గుండె కొట్టుకోవడం మధ్యలో తప్పుతోందేమో చూడాలని ఒంటికి చిన్న మిషను కట్టించింది. మళ్ళీ పడితే ఆలోచించకుండా ఎమర్జెన్సీకి తీసుకురమ్మంది. "నేను సరేననేదాకా బండి ముట్టుకోవద్దు," అని కూడా చెప్పింది.

"ఇక ఎప్పటికీనా, మేడం?"

"అలా అనలేదు. కారణం తెలిస్తే వైద్యం ఉంది. ఆ తర్వాత ఇదే ప్రశ్న మళ్ళీ అడగండి."

తమ్ముడు జేబులోంచి తాళం తీసి మరదలి చేతిలో పెట్టాడు. తనకి డ్రైవింగు రాదు, నాకసలే రాదు. క్యాబు అక్కడే వదిలి ఆటో ఎక్కాం.

ఆ రోజు వాడి గుండె సంగతి చూసినవాళ్ళం ఐదుగురం: డాక్టరమ్మ, మిషను కట్టిన నర్సు, తాళం గుప్పిట్లో బిగించుకున్న మరదలు, నేను, మా ఇద్దరి మధ్య ఇరుక్కుని ఆటోవాడికి బ్రేకు ఎక్కడ వెయ్యాలో చెబుతున్న మా తమ్ముడు.